ఇంట్లో అలక తీర్చకుండా ఏడు తరాల వెతుకులాట!

ఉమ్మడి కుటుంబం సినిమా అంటే మనకి ప్రాణం లేచొస్తుంది కదండీ! అత్తలూ మావయ్యలూ, పెళ్లిళ్లూ పేరంటాలూ, పిల్లాపాపలతో కలిసి కూర్చుని చూడొచ్చు అన్న ధైర్యం ఒకటి. 2016 మే 20న విడుదలైన ‘బ్రహ్మోత్సవం’ మీద మన ఆడవాళ్లు పెట్టుకున్న ఆశలు ఇన్నీ అన్నీ కావు. దర్శకుడు శ్రీకాంత్ అడ్డాల అంతకుముందు 2013లో ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ తీసినాయన. హీరో మహేష్‌బాబు. ఇక నటీనటుల జాబితా చూస్తే పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లంత!

కథ వినడానికి బాగానే ఉంటుంది. మావగారిచ్చిన నాలుగు వందల రూపాయలతో వ్యాపారం మొదలుపెట్టి పైకొచ్చిన పెద్దమనిషి సత్యరాజ్. భార్య రేవతి. బావమరుదుల కుటుంబాలన్నిటినీ తనతోనే ఉంచుకుంటాడు. అందరూ సంతోషంగా ఉన్నా పెద్ద బావమరిది రావు రమేష్‌కి మాత్రం లోపల ఒక ముల్లు. ఎంతకాలమని బావగారి నీడలో బతకడం? తన కూతురు ప్రణీతని మేనల్లుడికివ్వాలని ఆయన ఆశ. అదీ నెరవేరదు. ఒకరోజు నిండిన కుండ ఒలికినట్టు మనసులోదంతా కక్కేసి విడిపోతాడు. ఆ తర్వాత సత్యరాజ్ కన్నుమూస్తాడు. కొడుకు తన ఏడు తరాల చుట్టాలని వెతుక్కుంటూ సమంతతో కలిసి ఊళ్లు తిరుగుతాడు.

నాకు నచ్చనిది ఇక్కడేనండీ. ఇంట్లో అలిగిన మేనమామ ఉండగా, ముక్కూమొహం తెలియని చుట్టాల కోసం ఊరూరా తిరగడమేమిటి? సినిమా మొత్తంలో నిజమైన మనిషంటే ఆ రావు రమేష్ పాత్రే. ఒకరి చేతికింద ఏళ్ల తరబడి బతికినవాళ్లకి ఎంత అన్నం పెట్టినా ఒంటబట్టదు. ఆ బాధ మన ఇళ్లలో లేదా? ఆయన్ని కూర్చోబెట్టి, ఆ మాట ఈ మాట విప్పిస్తే కథ అదే నడిచేది. దానికి బదులు పాటలూ, పట్టుబట్టలూ, ప్రయాణాలూ.

రేవతి సంగతి చూడండి. ఒకవైపు భర్త, మరోవైపు తోడబుట్టినవాడు. ఇద్దరి మధ్యా నలిగే ఆడదాని మనసులో ఏముందో తెలుసుకోవాలని మనకుంటుంది. సినిమాకి ఆ తీరికే లేదు! అంతమంది తిన్న విస్తళ్లు ఎత్తిందెవరో, ఎవరికి ఏ కూర పడదో గుర్తుపెట్టుకున్నదెవరో అసలే తెలియదు. చుట్టరికాన్ని నిలబెట్టేవి ఆ పనులే కదా!

ఇదే దర్శకుడి ‘సీతమ్మ వాకిట్లో...’లో అంజలి పాత్ర ఇంటి చాకిరీ చేస్తూనే ఇంటిల్లిపాదినీ కట్టిపడేస్తుంది. అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే మన గొంతులో ముద్ద దిగదు. 2014లో వచ్చిన ‘మనం’లోనూ తరాల కథలున్నాయి. పునర్జన్మలతో ఎంత చిక్కుముడిగా ఉన్నా, పోయిన అమ్మానాన్నలు మళ్లీ కలవాలన్న బిడ్డ ఆరాటం అనే ఒకే దారం దాన్నంతా కలిపి కుట్టింది. ‘బ్రహ్మోత్సవం’లో పూలు బుట్టెడున్నాయి, దారమే లేదు.

మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. రంగులు కంటికింపుగా ఉంటాయి. సత్యరాజ్ నటన నిండుగా ఉంటుంది. రావు రమేష్ మనసు కక్కేసే సన్నివేశం ఒక్కదాని కోసం సినిమా చూడొచ్చు. అసభ్యత లేదు కాబట్టి పిల్లలతో చూడ్డానికి ఇబ్బంది లేదు. కాకపోతే రెండో సగంలో మీకు చేతినిండా చిక్కుడుకాయలో, గోరుచిక్కుళ్లో ఉంటే మంచిది. తల ఎత్తకుండా ఒలుచుకున్నా కథ పెద్దగా తప్పిపోదు!

ముత్తాతల పేర్లు పిల్లలకి నేర్పడం మంచిదేనండీ, తప్పకుండా నేర్పండి. అమ్మమ్మల, నాయనమ్మల పుట్టిళ్ల పేర్లు కూడా కలిపి ఒక నోటుపుస్తకంలో రాయించండి. అయితే ఆ పుస్తకం తెరిచేముందు, కిందటి శుభకార్యంలో చిన్నబుచ్చుకుని వెళ్లి ఇంతవరకూ మన గడప తొక్కని మనిషి ఎవరైనా ఉన్నారేమో ఒక్కసారి తలచుకోండి. ముందు ఆ ఇంటికి ఫోన్ చేయండి. ఏడు తరాల సంగతి ఆ తర్వాత చూద్దాం.