తూటా తర్వాత పేలేది మాటే

2007 జూలై 28. ఖమ్మం జిల్లా ముదిగొండ. పేదలకు ఇంటి జాగా, సాగు భూమి ఇవ్వాలని వామపక్షాలు బంద్‌కు పిలుపిచ్చిన రోజు. పోలీసు తూటాలకు ఏడుగురు నేలకొరిగారు. వాళ్ళు అడిగిందేమిటి? కోనేరు రంగారావు భూ కమిటీ సిఫారసులు అమలు చేయమని. ఆ కమిటీని వేసింది ప్రభుత్వమే!

తూటా ఆగగానే మాట మొదలైంది. జనం రాళ్ళు రువ్వారట. పోలీసులు ఆత్మరక్షణకే కాల్చారట. మన పత్రికా భాష ఇలాంటప్పుడు భలే తెలివిగా నడుస్తుంది. 'పోలీసులు కాల్చి చంపారు' అని రాస్తే కర్త ఉంటాడు. 'కాల్పుల్లో మృతి' అంటే కర్త మాయం. 'బంద్ హింసాత్మకం' అంటే చచ్చినవాడే నేరస్తుడు. తెలంగాణ కోసం లాఠీదెబ్బ తిన్న విద్యార్థికి, సమ్మె చేసిన ఉద్యోగికి ఈ భాష కొత్తదా?

ఇది మన ఒక్కరి గోస కాదు. ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ పట్టణాన్ని చూడండి. విచారణ లేకుండా జనాన్ని జైల్లో పెట్టడాన్ని నిరసిస్తూ 1972 జనవరి 30న అక్కడ ఊరేగింపు తీశారు. బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో ఆ రోజే 13 మంది చనిపోయారు. గాయపడ్డ మరొకరు తర్వాత కన్నుమూశారు. తమ మీద తుపాకులు పేల్చారని, బాంబులు విసిరారని సైన్యం చెప్పింది. లోకానికి ముందు చేరింది ఆ మాటే. ఏప్రిల్‌లో వచ్చిన విడ్జరీ నివేదిక సైనికులను దాదాపుగా వెనకేసుకొచ్చింది. చనిపోయినవాళ్ళ వల్ల ఎవరికీ ప్రాణహాని లేదని 2010లో సావిల్ నివేదిక తేల్చింది. బ్రిటన్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఒక్కరోజు అబద్ధాన్ని కడగడానికి 38 ఏళ్ళు!

అంతేనా? 1988 నుంచి 1994 దాకా షిన్ ఫేన్ నాయకుల గొంతు టీవీలో, రేడియోలో వినపడకూడదన్నారు. మనిషి కనిపిస్తాడు, గొంతు మాత్రం అద్దె నటుడిది. గొంతు నొక్కడమంటే అక్షరాలా అదే.

చేదుగా ఉన్నా ఇంకో మాట చెప్పాలి. ముదిగొండకు నాలుగున్నర నెలల ముందు, 2007 మార్చి 14న, పశ్చిమ బెంగాల్‌లోని నందిగ్రామ్‌లో భూమి కోసమే నిలబడ్డ 14 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అక్కడ అధికారంలో ఉన్నది సీపీఎం. ముదిగొండలో నెత్తురు చూసి కన్నీరు పెట్టిన పార్టీ నందిగ్రామ్‌లో పోలీసులను సమర్థించుకుంది. తుపాకి ఎవరి చేతిలో ఉంటే ఆత్మరక్షణ అనే మాట వాళ్ళ నోటికి వస్తుంది. కనుక మన పత్రికనైనా సరే, కళ్ళు మూసుకుని నమ్మొద్దు.

వార్త చదివినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేయండి. ఈ మాట చెప్పింది ఎవరు? చచ్చినవాళ్ళ ఇంటికి పోయి అడిగారా? వాక్యంలో కర్త ఎక్కడ? డెర్రీ జనం తాము చూసింది మరవలేదు, చెప్పడం ఆపలేదు. అందుకే 38 ఏళ్ళకైనా గెలిచారు. మన కళ్ళముందు జరిగింది తేదీతో, టైముతో, సాక్షుల మాటతో మనమే రాసి పెట్టుకోవాలి. లేదంటే కాల్చినవాడు రాసిందే చరిత్ర అవుతుంది.