ఘాట్ రోడ్డులో 80 కోట్ల ఏళ్లు

తిరుపతి నుంచి కొండెక్కే బస్సులో గోవింద నామాలు వినిపిస్తాయి, మలుపు మలుపుకీ కడుపులో తిప్పుతోందంటూ పిల్లల గోల వినిపిస్తుంది. కిటికీ పక్క రాతిగోడను గమనించేవాళ్లు అరుదు. ఆ కొండలో ఒకచోట అడుగున గ్రానైట్, దాని నెత్తిన క్వార్ట్‌జైట్. రెండూ అతుక్కునే ఉంటాయి. వయసులో మాత్రం వాటికి దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం!

శాస్త్రజ్ఞులు దీన్ని ‘ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ’ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాబితాలో ఇదొక జాతీయ స్మారకం. భూగర్భంలో గట్టిపడిన గ్రానైట్, పైనున్న బరువంతా అరిగిపోయాక బయటపడింది. ఆ నేలను నీళ్లు కమ్మాయి, ఇసుక పేరుకుంది. సుమారు 160 కోట్ల ఏళ్ల కిందటి ఆ ఇసుకే గట్టిపడి ఇప్పుడు శేషాచలమై నిలబడింది.

1788లో స్కాట్లండ్ తీరాన సిక్కార్ పాయింట్ దగ్గర ఇలాంటి అతుకునే మిత్రులకు చూపించాడు భూగర్భ శాస్త్రజ్ఞుడు జేమ్స్ హటన్. భూమి వయసు ఆరువేల ఏళ్లని యూరప్‌లో చాలామంది నమ్మే రోజులవి. వెంట వెళ్లిన మిత్రుడు ప్లేఫెయిర్‌కు ఆ కాలపు లోతు తలచుకుంటేనే కళ్లు తిరిగాయట. మనవాళ్లకు అంత కంగారు ఉండకపోవచ్చు. సంకల్పంలో శ్వేతవరాహ కల్పం నుంచి మొదలుపెట్టి గోత్రం దాకా దిగివచ్చే అలవాటు ఉంది కదా! కల్పానికి 432 కోట్ల ఏళ్లు, భూమికి సుమారు 454 కోట్లు. అంకెలు దగ్గర పడ్డాయని ఛాతీ విరుచుకోవడం తేలికే. హటన్ తన లెక్కను రాతిలో వెతికాడు, తేడా అక్కడుంది.

తిరుమల ఆలయానికి కాస్త దూరంలో శిలాతోరణం ఉంది. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. ఎవరూ చెక్కలేదు. గాలీ నీరూ బలహీనమైన రాతిని తినేస్తే, గట్టిది విల్లులా మిగిలింది. భక్తులు దణ్ణం పెడతారు, ఫొటోలు దిగుతారు.

2021 డిసెంబరు 1న, వారాల తరబడి వానలు కురిశాక, అదే కొండల నుంచి పెద్ద బండలు రెండో ఘాట్ రోడ్డు మీదికి దొర్లాయి. రోడ్డు దెబ్బతింది, రాకపోకలు ఆగాయి. దానికి ‘ప్రకృతి ప్రకోపం’ అని పేరు పెట్టుకున్నాం. తోరణాన్ని మలిచినట్టే, పగుళ్లలోకి నీరు దిగి రాయి విడిపోయింది, అంతే. కొండకు కోపమొచ్చిన దాఖలా లేదు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. బండలు దొర్లే దారికి అడ్డంగా తారు పరిచి ఇంకా వందేళ్లయినా కాలేదు.