మోటార్‌సైకిల్‌పై దూరయాత్రకు ఏ జీపీఎస్ కొనాలి? ఒక వైద్యుని అభిప్రాయం

మా మేనల్లుడు ముగ్గురు మిత్రులతో కలిసి వచ్చే వేసవిలో మోటార్‌సైకిళ్లపై లడఖ్ వెళ్లాలని సంకల్పించాడు. బళ్లను చండీగఢ్ వరకు రైల్లో పంపి, అక్కడి నుంచి మనాలీ మీదుగా లేహ్ వరకు నడుపుకొంటూ పోతారట. "మావయ్యా, దారి చూపే పరికరం ఒకటి కొనాలి. పది పన్నెండు వేలకు మించి పెట్టలేను. వీటిలో ఏది కొనమంటారు?" అంటూ మూడు పరికరాల బొమ్మలు పంపాడు. ఇది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నేనా అని మొదట నవ్వుకున్నాను. ఆ రాత్రి తీరిగ్గా ఆలోచించిన మీదట, ముందుగా వైద్యుణ్ణే అడగవలసిన ప్రశ్న ఇది అనిపించింది.

పదవీ విరమణకు ముందు నేను చూసిన ప్రమాద బాధితులలో ఒక యువకుడు ఇప్పటికీ గుర్తున్నాడు. తొడ ఎముక విరిగి వచ్చాడు. మద్యం లేదు, అతివేగం లేదు, తలకు శిరస్త్రాణం కూడా ఉంది. ఏం జరిగిందని అడిగితే, "తిరగవలసిన మలుపు దాటిపోయిందేమోనని ఫోన్ వైపు ఒక్కసారి చూశానండీ" అన్నాడు. ఆ "ఒక్కసారి" ఎంత పొడవో లెక్క కట్టి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు వెళుతుంది. రెండు సెకన్లు చూపు రోడ్డు మీది నుంచి తప్పితే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. 80 కిలోమీటర్ల వేగంలో అదే 44 మీటర్లు అవుతుంది. కారులో ఉన్నవానికి నాలుగు చక్రాలు, చుట్టూ ఇనుప గోడ ఉంటాయి. మోటార్‌సైకిల్ నడిపేవాడికి తన చూపే రక్షణ.

కనుక నా అభిప్రాయాన్ని దాపరికం లేకుండా మొదటే చెబుతున్నాను. ఏ పరికరం తక్కువ చూపిస్తుందో, తక్కువసార్లు చూడమంటుందో, తక్కువసార్లు ముట్టుకోమంటుందో అదే కొనదగినది. దుకాణాలలో మాత్రం దీనికి పూర్తిగా తలకిందులైన వరుసలో అమ్ముతారు. తెర ఎంత పెద్దది, పాటలు వస్తాయా, ఫోన్ ఎత్తవచ్చా, సందేశాలు కనిపిస్తాయా అన్నవే అక్కడ గుణాలు.

కంటి సంగతితో ప్రారంభిస్తాను. ఈ యాత్రలు చేసేవారందరూ పాతికేళ్ల కుర్రవాళ్లు కారు. పిల్లలు చదువులకు వెళ్లిపోయాక, నలభై అయిదు దాటి మోటార్‌సైకిల్ కొనుక్కుని బయలుదేరేవారిని నేను చాలామందిని ఎరుగుదును. నలభై దాటితే చత్వారం రాక తప్పదు. కంటిలోని కటకం బిగుసుకుని, దూరం నుంచి దగ్గరకు చూపు మార్చుకోవడం మందగిస్తుంది. హ్యాండిల్ దగ్గరి తెర కంటికి సుమారు రెండడుగుల దూరంలో ఉంటుంది. దూరపు చూపు అద్దాలతో అది మసకగా కనిపిస్తుంది, చదువుకునే అద్దాలతో రోడ్డు మసకబారుతుంది. దుకాణంలో నిలబడి తెరను చేతిలో పట్టుకుని చూస్తే ఈ లోపం బయటపడదు. మీరు వేసుకునే కళ్లద్దాలే పెట్టుకుని, పైన శిరస్త్రాణం ధరించి, మధ్యాహ్నపు ఎండలో బండిపై కూర్చుని చూడండి. ఒక్క చూపులో బాణం ఎటు ఉందో, మలుపు ఎన్ని మీటర్లలో ఉందో తెలియకపోతే ఆ పరికరం ఎంత చవకైనా మీకు పనికిరాదు.

ఈ దృష్టితో చూస్తే నాకు అన్నిటికంటె నచ్చినవి బాణాన్నీ దూరాన్నీ మాత్రమే చూపే చిన్న గుండ్రని పరికరాలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 2020లో మీటియర్ 350 బండితో పాటు ఇటువంటి చిన్న గడియారం వంటి తెరను తెచ్చింది. బీలైన్ అనే సంస్థది కూడా ఇదే పద్ధతి. ఫోన్ జేబులో ఉంటుంది, బ్లూటూత్ ద్వారా దారి తెలుస్తుంది, తెర మీద బాణం తప్ప మరొకటి ఉండదు. ఇంత చిన్నదా అని పెదవి విరిచేవారున్నారు. ఆ చిన్నతనమే దాని గొప్ప అని నా వాదం.

మేనల్లుడు పంపిన మూడు బొమ్మలలో రెండు, ఇప్పుడు అంగళ్లలో విరివిగా దొరికే అయిదంగుళాల తెరలు. ఇవి స్వయంగా దారి చూపవు, జేబులోని ఫోన్‌ను హ్యాండిల్ మీద ప్రతిబింబిస్తాయి. వీటిలో ఒక మేలు లేకపోలేదు: ఖరీదైన ఫోన్ వానకూ కుదుపుకూ దూరంగా జేబులో భద్రంగా ఉంటుంది. అయితే ఫోన్‌తో పాటు దాని సంసారమంతా కళ్ల ముందుకు వచ్చి కూర్చుంటుంది. ఎవరు పిలుస్తున్నారో, ఏ పాట నడుస్తోందో, ఏ సందేశం వచ్చిందో అన్నీ అక్కడే మెరుస్తాయి. కొన్నవారు వాటన్నిటినీ ఆపివేసి దారిని మాత్రమే ఉంచుకుంటే నాకు అభ్యంతరం లేదు. అలా ఉంచుకునేవారు అరుదు.

ఇక గార్మిన్ జూమో వంటి, మోటార్‌సైకిల్ కోసమే తయారైన పరికరాల సంగతి. చేతి తొడుగులతోనే తాకవచ్చు, వానకు జంకవు, ఎండలో స్పష్టంగా కనిపిస్తాయి, మొబైల్ సంకేతంతో పని లేదు. మంచివే, కానీ ధర మా వాడి మొత్తానికి ఎన్నో రెట్లు. ఏటా నెలల తరబడి తిరిగేవారికి గిట్టుబాటు అవుతుందేమో గాని, జీవితంలో ఒకటి రెండు యాత్రలు చేసేవారు అంత డబ్బు దానిపై పెట్టడం కంటె మంచి శిరస్త్రాణానికీ, మోకాలి కవచాలకూ, ప్రయాణ బీమాకూ పెట్టడం వివేకం.

చవకైన మార్గం చాలామంది ఇళ్లలో సొరుగులోనే పడి ఉంటుంది. అది పాత ఫోన్. జీపీఎస్ అనేది ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి సంకేతాలను అందుకునే వ్యవస్థ. దానికి సిమ్ అక్కర లేదు, ఇంటర్నెట్ అక్కర లేదు, చందా అక్కర లేదు. ఇంటర్నెట్ కావలసింది మ్యాపు కోసమే. ఆ మ్యాపును ఇంటి దగ్గరే దింపుకుంటే పాత ఫోన్ చక్కని దారిచూపరి అవుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో ప్రాంతాల వారీగా దింపుకోవచ్చు. ఓఎస్‌ఎమ్‌యాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ వంటివి పూర్తిగా దింపుకున్న మ్యాపులతోనే పనిచేస్తాయి. మొబైల్ సంకేతం లేనిచోట మొదటిసారి స్థానం పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆరుబయట ఉంచి ఓపిక పట్టాలి, అంతే.

కొత్త ఫోన్‌ను మాత్రం నేరుగా హ్యాండిల్‌కు బిగించవద్దు. పెద్ద ఇంజన్ల కంపనం తమ ఫోన్ కెమెరాలను దెబ్బతీయగలదని ఆపిల్ సంస్థే 2021లో వినియోగదారులను హెచ్చరించింది. మే నెల ఎండలో నల్లని ఫోన్ కాసేపటికే వేడెక్కి తెర మసకబారుతుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది. కనుక పాత ఫోన్ పెట్టుకున్నా, కంపనాన్ని తగ్గించే రబ్బరు దిండు ఉన్న గట్టి పట్టు కొనండి. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో తీసిన ఛార్జింగ్ తీగ వేయించుకోండి. మా వాడి పది వేలలో అధిక భాగం ఇక్కడ పెట్టమన్నాను. పట్టును పెట్రోలు ట్యాంకు మీద కాక, వీలైనంత ఎత్తుగా, రోడ్డును చూసే చూపుకు దగ్గరగా బిగించాలి. తల వంచవలసి వస్తే అది తప్పు చోటు.

చెవి సంగతి కొంత చిక్కుతో కూడినది. చూపును రోడ్డు మీదే ఉంచాలంటే దారిని మాటగా వినడమే ఉత్తమం. శిరస్త్రాణంలో అమర్చే చిన్న స్పీకర్లు ఇందుకు ఉపకరిస్తాయి. అయితే వేగం పెరిగేకొద్దీ శిరస్త్రాణంలో గాలి హోరు చెవికి హాని చేసే స్థాయికి చేరుతుంది. ఆ హోరును మించి వినపడాలని శబ్దం పెంచుకుంటూ, దానికి పాటలు కూడా తోడైతే, రోజుకు ఎనిమిది గంటల చొప్పున పది రోజుల యాత్ర లోపలి చెవిలోని సున్నితమైన కణాలకు పెద్ద శిక్ష. ఒకసారి చనిపోయిన ఆ కణాలు తిరిగి పుట్టవు. మలుపుల మాటలు మాత్రమే ఉంచుకుని, పాటలు రాత్రి బసకు దాచుకోండి. చెవి రంధ్రంలోకి దూర్చే ఇయర్‌ఫోన్లు అసలే వద్దు, వెనుక లారీ మోత కూడా వినపడదు.

చట్టం గురించి రెండు మాటలు. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన నిబంధన ప్రకారం, బండి నడిపేటప్పుడు ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రతకు భంగం కలగని రీతిలో వాడవచ్చు. రెండవది మన పాఠకులలో చాలామందికి తెలియనిది. అమెరికాలోని బంధువులు ప్రేమతో గార్మిన్ ఇన్‌రీచ్ వంటి, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం బహుమతిగా తెస్తుంటారు. ఉపగ్రహ సంకేతాలను అందుకోవడం మాత్రమే చేసే సాధారణ జీపీఎస్‌తో చిక్కు లేదు. ఉపగ్రహానికి సందేశం పంపే పరికరాన్ని మాత్రం ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో దగ్గర ఉంచుకోవడం నేరం. వీటితో విమానాశ్రయాలలో పట్టుబడి చిక్కుల్లో పడ్డ విదేశీ యాత్రికులు ఉన్నారు. సరిహద్దు ప్రాంతమైన లడఖ్‌కు అటువంటిది తీసుకెళ్లడం మరీ అవివేకం.

పరికరం ఎంత మంచిదైనా దానికి తెలియనివి కొన్ని ఉంటాయి. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారి నల్లమల అడవి గుండా పోతుంది. పులుల అభయారణ్యం కనుక రాత్రివేళ అటవీ శాఖ చెక్‌పోస్టుల గేట్లు మూసివేస్తారు. రాత్రి పదింటికి మీరు దారి అడిగితే మ్యాపు ఆ దారినే చూపవచ్చు. గేటు దగ్గర ఆగిపోయి, మొబైల్ సంకేతం కూడా లేక, తెల్లవారేదాకా దోమలకు విందు చేసినవారు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు.

లడఖ్ దారిలో ఈ అజ్ఞానం ప్రాణాంతకం కాగలదు. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవన్నది యాత్రికులందరికీ తెలిసినదే, అందుకు మ్యాపులు దింపుకుంటే సరిపోతుంది. అసలు ముప్పు ఎత్తుతో వస్తుంది. మనాలీ సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. జిస్పా 3,200, సర్చూ దాదాపు 4,300. రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగేందుకు ఒకప్పుడు పట్టిన సమయాన్ని, 2020లో ప్రారంభమైన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం బాగా తగ్గించింది. (సొరంగంలో ఉపగ్రహ సంకేతం అందదు, బాణం నిలిచిపోతే కంగారు పడి బండి ఆపవద్దు.) దాని ఫలితంగా, ఉదయం మనాలీలో అల్పాహారం తిన్నవారు సాయంత్రానికి సర్చూ గుడారాలలో పడుకోగలుగుతున్నారు. మ్యాపు అది చక్కని బస అనే చెబుతుంది, ఎందుకంటే దానికి కిలోమీటర్లూ గంటలూ మాత్రమే తెలుసు. నాకు మాత్రం ఒకే రోజున 2,200 మీటర్ల ఎత్తు పెరిగిన శరీరం కనిపిస్తుంది. సర్చూ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడు వంతులకు రెండు వంతుల లోపే. ఆ రాత్రి తలనొప్పి, వికారం, నిద్రలేమి. మరునాడు మందగించిన బుద్ధితో లోయ అంచున బండి నడపడం. మరీ విషమిస్తే మెదడులోనో ఊపిరితిత్తులలోనో నీరు చేరుతుంది.

3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు అదే ఎత్తులో విశ్రాంతి తీసుకోవాలనీ వైద్యశాస్త్రం చెబుతుంది. మనాలీ దారిలో దీన్ని అక్షరాలా పాటించడం కష్టం. అందుకే వెళ్లేటప్పుడు శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు మనాలీ దారి పట్టమంటాను. శ్రీనగర్ సుమారు 1,600, కార్గిల్ 2,700, లేహ్ 3,500 మీటర్లు, కాబట్టి మధ్యలో ఒకటి రెండు రోజులు ఆగితే శరీరానికి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. కనుక కొనబోయే పరికరంలో సముద్రమట్టం నుంచి ఎత్తు కనిపిస్తుందో లేదో తప్పక చూడండి. పాటల బొత్తాము కంటె ఆ ఒక్క అంకె వెయ్యి రెట్లు విలువైనది. ఖర్‌దూంగ్ లా దగ్గర 18,380 అడుగులని రాసి పెట్టిన బోర్డు అతిశయోక్తి అనీ, అసలు ఎత్తు దాదాపు 17,580 అడుగులేననీ తేల్చింది కూడా ఉపగ్రహ కొలతలే.

అక్షాంశ రేఖాంశాలు చూపే సదుపాయం కూడా ఉండాలి. ప్రమాదం జరిగినప్పుడు 112కో, మన రాష్ట్రాలలో 108కో ఫోన్ చేసి "ఘాట్ రోడ్డులో ఎక్కడో" అంటే అంబులెన్సు వెతుక్కుంటూ తిరగవలసి వస్తుంది. ఆ అంకెలు చదివి చెబితే నేరుగా వస్తుంది. బృందంలో ప్రతి ఒక్కరికీ ఆ తెర ఎక్కడ తెరవాలో ముందే నేర్పాలి. నడిపేవాడే పడిపోతే చూసి చెప్పవలసింది పక్కవాడు.

మా వాడు చివరకు పాత ఫోన్‌నే ఖాయం చేశాడు. అయిదంగుళాల తెర మీద మనసు ఇంకా పూర్తిగా పోలేదని వాడి గొంతులో తెలుస్తూనే ఉంది. శ్రీనగర్ వైపు నుంచి వెళ్లడానికి మిత్రులు మొదట సణిగారట, రెండు రోజులు ఎక్కువవుతాయని. "సెలవు దొరకదు మావయ్యా" అన్నాడు. "అయితే ఒక కనుమ తగ్గించుకోండిరా, రాత్రి బసలు మాత్రం తగ్గించవద్దు" అన్నాను. నిన్న సాయంత్రం ఒక కాగితం పంపాడు. ఊళ్ల పేర్లకు ఎదురుగా కిలోమీటర్లు, వాటి పక్కన ఎర్ర సిరాతో మీటర్లు రాసి ఉన్నాయి. కార్గిల్‌కు ఎదురుగా రెండు రాత్రులని ఉంది.