మాటున కూర్చున్నవాడిదే ఫొటో

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు అడిగారు. చదువు గురించి, పోటీ పరీక్షల గురించి, పట్టుదల గురించి రాసేవాళ్లు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. నాకంటే బాగా కూడా రాస్తారు. నేను పక్షుల ఫొటోల గురించి రాస్తాను. ఇదేం విషయమని కొందరు నవ్వుకోవచ్చు. లక్షల రూపాయల కెమెరాలు మెడలో వేసుకుని కార్లలో దిగేవాళ్ల సరదా మనకెందుకని అడగవచ్చు. సరిగ్గా ఆ ప్రశ్నకే నా దగ్గర ఒక జవాబు ఉంది. పక్షి ఫొటోకు కావలసిన అసలు సరుకు కెమెరా షాపులో దొరకదు. అది మనలో చాలామందికి చిన్నప్పుడే అబ్బింది. అయినా ఆ ఫొటోలు తీసేచోట మనవాళ్లు కనిపించరు. కనిపించాలి అన్నదే ఈ వ్యాసం.

పక్షికి కనబడకుండా కూర్చుని ఫొటో తీసే చోటును ఇంగ్లీషులో హైడ్ అంటారు. చెక్కతో కట్టిన చిన్న గది కావచ్చు, ఆకుల రంగు గుడ్డ కప్పిన గుడారం కావచ్చు, నాలుగు తాటాకులు కట్టిన దడి కావచ్చు. కెమెరా మూతి పెట్టుకోవడానికి సన్నని సందు ఉంటే చాలు. మనకు దీనికి ఎప్పటినుంచో మాటు అనే మాట ఉంది. వేటగాడు మాటు వేస్తాడు. రైతు మంచె కడతాడు. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో మంచె ఎక్కి, వడిసెల తిప్పి పిట్టలను తోలిన పిల్లలు మన హాస్టల్లో ఎందరు లేరు? మంచె మీద పని పక్షిని తోలడం, మాటులో పని పక్షిని రానివ్వడం. పని తిరగబడిందే గాని, రెండింటికీ కావలసిన విద్య ఒకటే. గంటల తరబడి ఒకచోట కూర్చోవాలి. ఏ పిట్ట ఎటునుంచి వస్తుందో, ఏ కూతకు ఏమి అర్థమో చెవితోనే పట్టాలి. ఆకలైనా, దోమ కుట్టినా కదలకూడదు. ఇది ఏ వర్క్‌షాపులోనూ రెండు రోజుల్లో నేర్పలేరు.

ఈ పద్ధతి మొదట పేరు తెచ్చుకున్నది ఇంగ్లండులో. రిచర్డ్ కీర్టన్, చెర్రీ కీర్టన్ అనే అన్నదమ్ములు పల్లెటూరి రైతుబిడ్డలు. 1895లో పక్షి గూళ్ల మీద పుస్తకం వేశారు. బొమ్మలు గీయించకుండా అన్నీ ఫొటోలతోనే వచ్చిన మొదటి ప్రకృతి పుస్తకంగా దాన్ని చెబుతారు. వాళ్లు 1900లో ఒక ఎద్దు చర్మంతో లోపల బోలుగా ఉండే బొమ్మ ఎద్దును చేయించి, దాని కడుపులో దూరి ఫొటోలు తీశారు. మేసే ఎద్దుకు పిట్ట భయపడదని పశువులు కాసిన ఎవరికైనా తెలుసు. మన ఊళ్లలో గేదె వీపు మీద ఎక్కి తిరిగే కొంగను చూస్తూ పెరిగినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఏముంది? అక్కడే 1911లో ఎమ్మా టర్నర్ అనే ఆవిడ నార్ఫోక్ నీటి ప్రాంతంలో రెల్లు పొదల్లో ఉండే బిటర్న్ అనే కొంగ పిల్లను ఫొటో తీసింది. ఆ పక్షి ఇంగ్లండులో పిల్లలు చేయడం మానేసిందని అప్పటికి అందరూ అనుకుంటున్నారు. మళ్లీ వచ్చి పిల్లలు చేసిందని ఆ ఒక్క ఫొటో రుజువు చేసింది. ఫొటో అంటే అందం ఒక్కటే కాదు, సాక్ష్యం కూడా.

ఇక మన దగ్గరికి వద్దాం. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు నిన్నమొన్నటిదాకా మన నెల్లూరు జిల్లా. 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రం చేశారు. ఆశ్వయుజం వెళ్లి కార్తీకం వచ్చేవేళకు ఈశాన్య రుతుపవనాల వానలతో చెరువు నిండుతుంది. నీళ్లలోనే నిలబడి బతికే కడప చెట్ల మీదికి గూడబాతులు దిగుతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు కూడా వస్తాయి. గూడబాతు రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది. అంత పక్షి సన్నని కొమ్మ మీద దిగి, రెక్కలు సర్దుకుని, ముక్కున తెచ్చిన పుల్లను జతకు అందించడం ఒక్కసారి చూస్తే మరిచిపోలేం. పులికాట్ వైపు మేతకు వెళ్లి గొంతు సంచి నింపుకుని వస్తాయి. పిల్ల తన తలకాయ మొత్తం తల్లి గొంతులోకి దూర్చి తింటుంది. వానలు లేక చెరువు నిండని ఏడు గూళ్లు తగ్గిపోతాయి. కాబట్టి ఇది ప్రతి సంవత్సరం తప్పక జరిగే ప్రదర్శన కాదు.

పేచీ అంతా ఇక్కడే ఉంది. ఫొటోలు తీసేవాళ్లు ఎక్కువగా కోరుకునేది ఈ శరత్కాలమే. వాన వెలిసిన ఆకాశం, వాలుగా పడే ఎండ, కొత్త ఈకల పక్షులు. పక్షి బెదిరితే ఎక్కువ నష్టం జరిగేదీ ఈ కాలమే. గూడు ఎక్కడ పెట్టాలో చూసుకునే రోజుల్లో, గుడ్లు పెట్టిన మొదటి రోజుల్లో కలవరపెడితే అవి ఆ చోటునే వదిలేస్తాయి. గుడ్ల మీద నుంచి తల్లి లేచిందంటే కాకి రావడానికి ఎంతోసేపు పట్టదు. ఈకలు రాని పిల్ల మీద ఎండ పడితే తట్టుకోలేదు. ఎగిరే ఫొటో కావాలని చప్పట్లు కొట్టేవాళ్లను, రాయి విసిరేవాళ్లను, డ్రోను పైకి పంపేవాళ్లను నేను చూశాను. ఒక పక్షికి రాయి తగలకపోవచ్చు. గుంపంతా లేచిపోయింది కదా!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చదివితే ఒక సంగతి తెలుస్తుంది. వేట అనే మాటకు ఆ చట్టం చెప్పిన అర్థంలో తుపాకీ, వల మాత్రమే లేవు. అడవి పక్షుల గూళ్లను, గుడ్లను కలవరపెట్టడం కూడా ఉంది. అంటే గూటి మీదికి కొమ్మలు విరిచి కెమెరా పెట్టినవాడు చట్టం దృష్టిలో వేటగాడే, వాడి చేతిలో ఎంత ఖరీదు లెన్సు ఉన్నా సరే. కడుపు కోసం ఉచ్చు పెట్టిన పేదవాడి మీద కేసు రాయడం మనకు తెలుసు. చప్పట్లు కొట్టిన పెద్దమనిషి మీద కేసు రాశారని నేను ఇంతవరకు వినలేదు. గూటి దగ్గర తీసిన ఫొటోలను కొన్ని పోటీలవాళ్లు అసలు తీసుకోవడం లేదు. చట్టం చేయలేని పని పోటీ నిబంధన కొంతవరకు చేస్తోంది. సంతోషమే.

పక్షులు అర్జీ పెట్టవు, కోర్టుకు వెళ్లవు. లేచి వెళ్లిపోతాయి. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్లు కట్టడం 1946లో కేరళకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ చూశారు. తర్వాత దాని గురించి రాశారు. ఆ గూళ్ల గుంపు ఇప్పుడు లేదు. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో అయితే గూడబాతులు మనుషులు పాతిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు కడుతున్నాయి. చోటు ఇస్తే వస్తాయి, పోగొడితే పోతాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి పక్కనే చెరువులో వేల పక్షులు ఉంటాయి. అక్కడి మనిషి రోజూ ఒకే దారిన, ఒకే దూరంలో నడుస్తాడు. పక్షికి అది అలవాటైపోయింది. మాటు పనిచేసే సూత్రం కూడా అదే. గుడ్డ రంగు కంటే కదలిక లేకపోవడమే ముఖ్యం.

అందుకే బండి కూడా మంచి మాటు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. చిలిక తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఫ్లెమింగోలు తల కిందికి వంచి బురదనీళ్లు వడగడుతూ రోడ్డుకు దగ్గరగా మేస్తుంటాయి. ఆటో ఆపి లోపలే కూర్చుంటే వాటికి పట్టదు. తలుపు తీసి కాలు కింద పెట్టగానే జరిగిపోతాయి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన బాతులు కూడా అక్కడ ఉంటాయి. అవి అంత దూరం వచ్చింది మేయడానికి. మన కోసం నాలుగుసార్లు లేస్తే ఆ మేత ఆ ఎగురుడుకే ఖర్చయిపోతుంది.

మాటులో కూర్చునే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పాలి. తెల్లవారకముందే లోపలికి చేరాలి. పొద్దెక్కాక వెళ్తే మనం దూరడం పక్షులు చూస్తాయి. చూశాయంటే పాతకాలపు ఫొటోగ్రాఫర్ల చిట్కా ఒకటి ఉంది. ఇద్దరు మాటులోకి వెళ్లి ఒకరు బయటికి వచ్చేయాలి. పక్షికి లెక్కలు రావు, మనిషి వెళ్లిపోయాడనుకుని సర్దుకుంటుంది. (మన లెక్కల సారు ఇది చదివితే, ఆ పక్షులు తన క్లాసులోనే చదివాయని అంటారేమో!) సూర్యుడు మన వీపు వైపు ఉండాలి. సందు నీటి మట్టానికి దగ్గరగా ఉంటే పక్షి కంటికి ఎదురుగా ఫొటో వస్తుంది. పై నుంచి తీస్తే పక్షి వీపే మిగులుతుంది. కెమెరా ఉంటే కూర్చున్న పక్షికి సెకనులో 500వ వంతు, ఎగిరేదానికి 2000వ వంతు షట్టర్ పెట్టుకోవచ్చు. ఫ్లాష్ వేయకూడదు. ఫోను మోగకూడదు. కెమెరా లేకపోతే ఎనిమిదింతలు దగ్గరగా చూపే మామూలు బైనాక్యులర్ అద్దానికి ఫోను కెమెరా ఆనించి తీయండి. గోడకు కట్టుకునే ఫొటో రాదు. కానీ ఏ పక్షి, ఏ రోజు, ఎన్ని గూళ్లు అన్న సాక్ష్యం వస్తుంది. నా దృష్టిలో అదే ఎక్కువ విలువైనది. ఒకే చోటి నుంచి, ఒకే చెట్టును, వారానికొకసారి చొప్పున కార్తీకం నుంచి మాఘం దాకా తీసిన పిల్లవాడి ఫోను బొమ్మలను దూరం నుంచి ఒక్కరోజు వచ్చిపోయేవాడి ఖరీదైన ఫొటో అందుకోలేదు.

సూళ్లూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ మూడు రోజులు చేశారు. పండుగ వద్దని నేననను. దానివల్ల ఊరికి పేరు వచ్చింది. కానీ బస్సుల్లో దిగి, మైకుల మధ్య వరుసలో నిలబడి, టవరెక్కి దిగిన పిల్లవాడు పక్షిని చూసినట్టా? నలుగురే వెళ్లి, మాట్లాడకుండా రెండు గంటలు కూర్చుంటే చూసినట్టు. మన హాస్టల్లో చెరువుల పక్క ఊళ్ల పిల్లలు ఉన్నారు, యానాది కుటుంబాల పిల్లలూ ఉన్నారు. నీటి ఒడ్డున అడుగు చప్పుడు కాకుండా నడవడం వాళ్ల తాతలకు తెలిసినంతగా ఏ ఫొటోగ్రఫీ పుస్తకం రాసినవాళ్లకూ తెలియదు. రేపు నేలపట్టులో పక్షులు చూపించే గైడు ఉద్యోగం, గూళ్లు లెక్కపెట్టే పని వస్తే అవి ఎవరికి రావాలి? బయటినుంచి వచ్చినవాడికా?

పూర్వ విద్యార్థుల సంఘానికి నా ప్రతిపాదన ఇది. ఈ ఏడాది వచ్చిన చందాలో కొంత పక్కన పెట్టి మూడు బైనాక్యులర్లు కొందాం. అవి ఆఫీసు బీరువాలో కాకుండా పిల్లల చేతిలో ఉండాలి. పోయినా, పగిలినా సంఘమే భరించాలి, పిల్లల దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. నవంబరు నెలలో ఆదివారాలు నలుగురు చొప్పున వెళ్లేందుకు అటవీ శాఖకు ముందే అర్జీ పెట్టి అనుమతి తీసుకుందాం. తెల్లవారుజామున నాలుగింటికి గేటు తీయాలి కాబట్టి వార్డెన్ సారుతో మాట్లాడే బాధ్యత పెద్దలది. మొదటి ఆదివారం వెంట రావడానికి నేను సిద్ధం. ఆటో ఖర్చు నాది. చద్దన్నం మూటలు మాత్రం మెస్సులో రాత్రే కట్టించుకోండి, పొద్దున ఆరింటికి అక్కడ టీ కూడా దొరకదు.