పథ్యమంటే పస్తు కాదు

మూత్రాశయ క్యాన్సరుకు హైదరాబాదులో శస్త్రచికిత్స ముగిసి, రోగి గోదావరిఖనికో రామగుండానికో తిరిగి వచ్చిన నాటి నుండి ఇంటిల్లిపాదికీ పట్టుకునే చింత పథ్యం. పప్పు పెడితే పుండు చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు పడదని ఒక్కొక్కటిగా విస్తరిలో నుండి తొలగిస్తారు. బలమైన ఆహారం పెడితే కణితికే బలమన్న భయం ఒకటి దీనికి తోడు. చివరకు మిగిలేది చారన్నం. కోలుకోవలసిన మనిషి చిక్కి శల్యమవుతాడు. దీనిని ఆయుర్వేదమని పిలవడం నాకు సమ్మతం కాదు.

శోధన చికిత్సతో మందగించిన జఠరాగ్నిని నిలబెట్టడానికి చరక సంహిత సంసర్జన క్రమాన్ని విధించింది. మొదట పేయ, అనగా పలుచని బియ్యపు జావ; పిదప విలేపి, అనగా చిక్కని జావ; ఆ తరువాత పెసరకట్టు వంటి యూషం; తుదకు మాంసరసం. అంటే మెట్టు మెట్టుగా ఆహారాన్ని పెంచుకుంటూ పోవడమే పథ్యం. బొగ్గు పొయ్యి ముట్టించిన ఇల్లాండ్రకు ఇది తెలియనిది కాదు. చిదుగులు అంటుకోకముందే పెద్ద పెళ్లలు వేస్తే నిప్పు ఆరిపోతుంది. అంటుకున్న తరువాత ఏమీ వేయకపోయినా ఆరిపోతుంది.

మూత్రాశయాన్ని పూర్తిగా తొలగించినవారికి సాధారణంగా చిన్నప్రేగులో కొంత భాగం తీసి మూత్రానికి కొత్త మార్గం కల్పిస్తారు. అందుచేత ప్రేగుల కదలిక కొన్నాళ్లు మందగిస్తుంది. సర్జను అనుమతించిన పిదప రోజుకు ఐదారు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. జావతో మొదలుపెట్టి మెత్తని అన్నం, పెసరపప్పు, పెరుగు. తినేవారికి గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన కోడిమాంసం ఇవ్వాలి. మాంసకృత్తులు చాలకపోతే గాయం త్వరగా మానదు, కండ నిలువదు. మూత్రపిండాలు బాగున్నవారికి కిలో బరువుకు రోజుకు 1 నుండి 1.5 గ్రాములు అవసరం. 60 కిలోల మనిషికి 60 నుండి 90 గ్రాములు. ఒక గుడ్డులో లభించేది సుమారు 6 గ్రాములే. చారన్నంతో ఈ లెక్క ఎలా తీరుతుంది?

సంచి నిండుతుందని నీరు మానుకోవడం మరొక పొరపాటు. గుండె, మూత్రపిండాల జబ్బు లేనివారు రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా త్రాగాలి. రామగుండం ఎండలలో ఇంకా ఎక్కువ కావాలి. బి12 విటమిను ఒంటబట్టేది చిన్నప్రేగు చివరి భాగంలోనే. ఆ భాగం తీసినవారు ఏటా రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

పల్లేరు, గలిజేరు కషాయాలు, భస్మాలు ఈ దశలో సొంతంగా వాడరాదు. ఆహారం బలాన్నిస్తుందే గాని క్యాన్సరును నయం చేయదు. ఆసుపత్రి చెప్పిన పరీక్షలకు తప్పక వెళ్లాలి. ఈ వ్యాధికి ప్రధాన కారణం పొగ త్రాగడం. కనుక ఇల్లాలు నిజంగా మాన్పించవలసినది ఒకటున్నది. అది విస్తరిలోని పప్పు కాదు, జేబులోని బీడీకట్ట.