మారేవాడికి మార్గముంది, మానేవాడికి లేదు

చాలాకాలంగా ఛందస్సు గురించీ, పాతపుస్తకాల గురించీ తప్ప ఇక్కడ మరేమీ రాయలేదు. ఈ టపా మాత్రం చరవాణి గురించి. పండితుడికి ఈ గొడవ ఎందుకని మీరు అనుకోవచ్చు. చదివాక మీరే తేల్చండి.

మారడం, మానడం. ఈ రెండు మాటలకూ నడుమ తేడా ఒక్క హల్లు. ముప్పైనాలుగేళ్ళు బడిపిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి గనుక ఒక్క అక్షరం తప్పితే అర్థం ఎంత దూరం పోతుందో నాకు తెలుసుననే అనుకున్నాను. ఆ దూరం ఇరవైనాలుగు పౌండ్లనీ, అది మా అబ్బాయి ఇంటిరుణానికి అడ్డం పడుతుందనీ మాత్రం తెలియలేదు.

2023 ఏప్రిల్‌లో నేనూ, మా ఆవిడా ఇంగ్లండులోని రెడింగులో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాం. సందర్శకుల వీసా, ఆరునెలలలోపు తిరిగి రావాలి. వెళ్ళిన రెండోరోజే మావాడు తన పేరుమీద ఒక సిమ్ము తీసి నా చేతిలో పెట్టాడు. నెలకు ఎనిమిది పౌండ్లు. "రెండేళ్ళ బంధమేమీ లేదు నాన్నగారూ, ముప్పైరోజుల ఒప్పందమే, ఎప్పుడు వద్దంటే అప్పుడు మానెయ్యొచ్చు" అన్నాడు. రీఛార్జి చేయించుకోవడం నాకు ఇబ్బందని, బ్యాంకు నుంచి దానంతటదే డబ్బు వెళ్ళేటట్లు డైరెక్ట్ డెబిట్ పెట్టాడు. అక్కడ దీన్ని రోలింగ్ కాంట్రాక్టు అంటారట. నేను దొర్లుడు ఒప్పందమని అనువదించుకున్నాను. ఎవరైనా అడ్డుపడి ఆపేదాకా నెలనుంచి నెలకు దొర్లుతూనే ఉంటుంది.

మన వ్యాకరణంలో ఇత్వసంధి వైకల్పికం, ఉత్వసంధి నిత్యం అని చెప్పుకుంటాం. మొదటిది చేస్తే చేయవచ్చు, మానితే మానవచ్చు. రెండవదానికి ఆ వెసులుబాటు లేదు. ఈ ఒప్పందాన్ని వైకల్పికమని చెప్పి అమ్ముతారు. తీసుకున్నాక నిత్యమని తేలుతుంది. పేరుకు ఒక నెల ఒప్పందం. మానాలంటే ముప్పైరోజుల ముందు నోటీసు. అంటే ఈరోజు వద్దనుకున్నవాడు ఇంకొక నెల కట్టక తప్పదు. ఒక నెల అని రాసి ఉన్నచోట ఎప్పుడూ ఇంకొక నెల దాగి ఉంటుందన్నమాట. ఇలాంటి లుప్తాన్ని ఏ వ్యాకర్తా ఊహించలేదు.

సెప్టెంబరు చివర తెనాలి వచ్చేశాం. సిమ్ము తీసి బీరువాలో మందుల డబ్బా పక్కన పెట్టాను. పదిరోజుల తరువాత మావాడు ఫోన్లో, "ఆ లైను ఇంకా ఆపలేదు నాన్నగారూ, వాళ్ళకు ఫోన్ చేస్తే గంటలు పడుతోంది" అన్నాడు. అప్పుడు నేనిచ్చిన సలహాయే ఈ కథకంతటికీ మూలం. "బ్యాంకులో ఆపించెయ్యరా, డబ్బు రాకపోతే వాళ్ళే మానుకుంటారు" అన్నాను.

నా బుద్ధి మా వీధిలో పెరిగిన బుద్ధి. మా పాలాయనకు "రేపటినుంచి నెలరోజులు వద్దయ్యా" అంటే, "ఊరెళుతున్నారా మాస్టారూ, అమ్మగారు కూడానా" అని అడిగి, సున్నాలు చుట్టిన కాలెండరు చూసి లెక్క కట్టించుకుని వెళతాడు. పేపరు కుర్రాడిదీ అదే తీరు. వద్దన్న మాటకు మించిన నోటీసు మా వీధిలో లేదు. డబ్బు ఆగితే సరుకు ఆగుతుంది, సరుకు ఆగితే లెక్క ఆగుతుంది. అక్కడి న్యాయం వేరు. డైరెక్ట్ డెబిట్ రద్దు చేస్తే ఆగేది చెల్లింపు మాత్రమే, ఒప్పందం ఆగదు. బిల్లు నెలనెలా పుడుతూనే ఉంటుంది, పుట్టిన ప్రతి బిల్లూ బాకీగా నిలుస్తుంది.

ఆ బాకీ హెచ్చరికలు ఎక్కడికి పంపారో వినండి. సంక్షిప్త సందేశాలన్నీ అదే సంఖ్యకు, అంటే తెనాలిలో నా బీరువాలో నిద్రపోతున్న ఆ సిమ్ముకే పంపారు. ఈమెయిళ్ళు మావాడి పెట్టెలో చెత్తగదిలోకి పోయాయి. 2024 జనవరిలో వసూళ్ళ సంస్థ నుంచి కాగితం ఉత్తరం వచ్చింది. మూడు నెలలకు ఇరవైనాలుగు పౌండ్లు. అప్పటికే మావాడు ఇల్లు కొనడానికి బ్యాంకులో దరఖాస్తు పెట్టి ఉన్నాడు. ఆ దేశంలో ప్రతి మనిషికీ ఒక అప్పుల చరిత్ర రాసి ఉంటుంది, అందులో పడిన బాకీమచ్చ ఆరేళ్ళపాటు కనబడుతుంది. బ్యాంకువారు ఇదేమిటని సంజాయిషీ అడిగారు. రుణం చివరకు వచ్చింది గానీ నాలుగు వారాలు ఆలస్యమైంది, ఆ నాలుగు వారాలూ ఇల్లు చేజారుతుందేమోనని వాడికి నిద్ర లేదు. మా వంశంలో బాకీ ఉత్తరం అందుకున్నవాడు లేడు. మొదటిది నా సలహా వల్ల నా కొడుక్కి వచ్చింది.

నిబంధనలు చదువుకోవాల్సింది మీరే కదా అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. తప్పు నాదే. అయితే నేను అడిగేది వేరే ప్రశ్న. వద్దనడానికి ఇన్ని నిబంధనలు ఎందుకు చదవాలి? కావాలనడానికి మావాడు రెండు నిమిషాలు తీసుకున్నాడు, ఒక్క నిబంధన చదవలేదు, చదవమని ఎవరూ పట్టుబట్టనూ లేదు.

బాకీ కట్టేశాక మావాడు ఫోన్ చేశాడు. నలభై నిమిషాల సంగీతం తరువాత ఒక అమ్మాయి పలికింది. ఆ పిల్లను నేను ఏమీ అనను, ముందు పెట్టిన కాగితం చదవడమే ఆమె ఉద్యోగం. "ఏ సంస్థకు మారుతున్నారు?" అని అడిగింది. ఏ సంస్థకూ కాదు, మా నాన్నగారు ఇండియా వెళ్ళిపోయారు అన్నాడు. "అయితే మా ధర నచ్చలేదా? నాలుగు పౌండ్లకు ఇస్తాం" అంది. ఫోనే అక్కరలేదు అన్నాడు. "ఇంట్లో ఇంకెవరికైనా వాడుకోవచ్చు కదా" అంది. చివరకు, నోటీసు ఈరోజునుంచి లెక్క, ఇంకొక ముప్పైరోజుల రుసుం పడుతుంది అని చెప్పింది. మనిషి వెళ్ళిపోయాడంటే ఎదుటి దుకాణానికే వెళ్ళి ఉంటాడు, ఇంటికి వెళ్ళి ఉండడు అన్నది ఆ ప్రశ్నల పట్టికకు పునాది.

తరువాత తెలిసిన విషయం చెప్పడానికే ఈ టపా. ఆ అమ్మాయి కాగితంలో ఉన్న ఊహే ఆ దేశపు నియమాల్లోనూ ఉంది.

బ్రిటనులో ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థ 2019 జులై 1 నుంచి ఒక మంచి పని చేసింది. సంఖ్యను వెంట తీసుకుని వేరే సంస్థకు మారదలచినవారు ప్యాక్ అని రాసి 65075కు సందేశం పంపితే చాలు. పాత సంఖ్య అక్కరలేదు, కొత్తదానితో మారతాను అనేవారు స్టాక్ అని 75075కు పంపాలి. ఎంత బాకీ ఉందో, ఒప్పందం గడువు ఎప్పటిదాకా ఉందో తెలుసుకోవాలంటే ఇన్ఫో అని 85075కు. సంస్థ ఒక్క నిమిషంలో జవాబివ్వాలి. ఆ సంకేతం కొత్త సంస్థకు ఇస్తే ఒక పనిదినంలో మార్పు పూర్తి. ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు, బతిమాలించుకోనక్కరలేదు. మరొక ముఖ్యమైన సంగతి: మారిన తేదీ తరువాతి రోజులకు నోటీసు రుసుం తీసుకోవడం అదేరోజు నుంచి నిషిద్ధం.

ఎంత బాగుందో చూడండి. ఇదంతా మారేవాడికి. మానేవాడికి ఏముంది? సందేశం లేదు, నిమిషం లేదు, రుసుం నిషేధమూ లేదు. అదే సంగీతం, అదే అమ్మాయి, అవే ముప్పైరోజులు. ఒప్పందం ముగించే పద్ధతులు వినియోగదారుణ్ణి వేరే సంస్థకు మారకుండా నిరుత్సాహపరచరాదని ఆఫ్‌కామ్ నియమావళిలో ఉంది. ఆ వాక్యాన్ని పండితుడి కళ్ళతో చదివాను. నిరుత్సాహపరచరాదు అన్న క్రియకు కర్మ "మారకుండా" దగ్గరే ఆగిపోయింది. ఊరికే మానేసేవాణ్ణి నిరుత్సాహపరిస్తే ఆ వాక్యం అడ్డు చెప్పదు.

ఎందుకిలా అంటే, పోటీ ఉంటే జనానికి మేలు అనే సిద్ధాంతం మీద ఈ నియమాలు కట్టారు. పోటీ నడవాలంటే వినియోగదారు ఒక కొట్టునుంచి మరొక కొట్టుకు తేలికగా పోగలగాలి. నిజమే, కాదనను. కానీ ఈ లెక్కలో మనిషి అంటే ఎప్పుడూ ఎవరో ఒకరి ఖాతాదారే. ఈ దొడ్డిలోనుంచి ఆ దొడ్డిలోకి తోలడానికి వెడల్పైన తలుపు పెట్టారు, పచ్చికలోకి పోవడానికి తలుపు పెట్టాలని ఎవరికీ తోచలేదు. దేశం విడిచి వెళ్ళేవాళ్ళు, ఉద్యోగంలో ఫోను ఇచ్చారు గనుక సొంతది అక్కరలేనివాళ్ళు, చూపు తగ్గి ఫోను పక్కన పెట్టిన వృద్ధులు, ఖర్చు తగ్గించుకోవాలని అదే సంస్థలో రీఛార్జి పద్ధతికి దిగదలచినవాళ్ళు, వీరందరూ ఆ సిద్ధాంతానికి కనబడరు.

నేరగాళ్ళు ఎవరి లైనైనా ఆపించేస్తారు, అందుకే మాట్లాడి నిర్ధారించుకోవాలి అని సంస్థల పక్షం వాదిస్తుంది. మంచిదే. కానీ ఒకడి సంఖ్యను కాజేసి తన సిమ్ములోకి మార్చుకుంటే బ్యాంకు రహస్యసంకేతాలన్నీ వాడికే పోతాయి. లైను ఆగిపోతే జరిగే నష్టం కంటే అది ఎన్నో రెట్లు పెద్దది. అంత పెద్ద ప్రమాదమున్న పనికి సందేశం చాలునట, చిన్న ప్రమాదమున్న పనికి నలభై నిమిషాల సంభాషణ కావాలట! లెక్కలు ముగించడానికి ముప్పైరోజులు కావాలన్నది ఇంకొక వాదం. మారేవాడి లెక్క ఒక పనిదినంలో ముగుస్తున్నప్పుడు మానేవాడి లెక్కలో అంత కష్టమైన గుణకారం ఏముంటుందో చెప్పమనండి.

మనదేశం దీనికి భిన్నంగా ఉందని గర్వపడే పని లేదు. సంఖ్య మార్చకుండా సంస్థ మారే వీలు 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికీ వచ్చింది. పోర్ట్ అని రాసి పక్కన మన సంఖ్య వేసి 1900కు పంపితే సంకేతం వస్తుంది. 2019 డిసెంబరులో ఆ గడువును ఒకే సర్కిలులో మూడు పనిదినాలకు కుదించారు. పోస్ట్‌పెయిడ్ లైను ఊరికే మూసేయడానికి మాత్రం 1900 వంటి ఉమ్మడి సంఖ్య లేదు. మూసివేత కోరితే ఏడురోజుల్లో చేయాలని, డిపాజిట్టు అరవైరోజుల్లో తిరిగివ్వాలని ట్రాయ్ 2009లోనే ప్రమాణాలు పెట్టింది గానీ, ఆ కోరిక ఎవరి చెవిన వేయాలన్నదే అసలు చిక్కు. మనలో అత్యధికులు ప్రీపెయిడ్ వారు కాబట్టి బతికిపోయాం. అక్కడ రీఛార్జి చేయకుండా ఊరుకోవడమే సెలవు తీసుకోవడం, వెనకనుంచి బాకీ తరుముకు రాదు.

చేయలేని పని అయితే నేను ఇంత దూరం రాయను. జర్మనీలో 2022 జులై 1 నుంచి, అంతర్జాలంలో ఇలాంటి ఒప్పందాలు అమ్మే సంస్థలు అక్కడే రద్దుమీట కూడా పెట్టాలి. చరవాణి ఒప్పందాలకూ అది వర్తిస్తుంది. మొదటి గడువు ముగిశాక దొర్లే టెలిఫోను ఒప్పందాన్ని ఒక నెల నోటీసుతో ఎప్పుడైనా మానవచ్చుననే చట్టం 2021 డిసెంబరులోనే అమలులోకి వచ్చింది. నోటీసు నెల అక్కడా ఉంది, నాకది నచ్చలేదు. కనీసం మీట ఉంది, సంగీతం లేదు. ఫ్రాన్సులో 2023 జూన్ నుంచి మూడు నొక్కుల్లో రద్దు అనే పద్ధతి వచ్చింది. అమెరికాలో చేరినంత సులువుగా మానగలగాలని వాణిజ్య సంఘం 2024 అక్టోబరులో నియమం ప్రకటిస్తే, అమలుకు కొద్దిరోజుల ముందు 2025 జులైలో అక్కడి అప్పీలు కోర్టు కొట్టేసింది. నియమం చేసిన పద్ధతిలో లోపముందన్నది కోర్టు చెప్పిన కారణం. వద్దనే హక్కు వద్దని కోర్టు అనలేదని గమనించాలి.

బ్రిటనులో కావలసింది చాలా చిన్నది. 65075, 75075, 85075 ఉన్నాయి. వాటి పక్కన నాలుగవ సంఖ్య ఒకటి పెట్టాలి. దానికి ఆపు అని పంపితే ఒక్క నిమిషంలో జవాబు రావాలి, ఒక పనిదినంలో లైను ఆగాలి, ఆ తరువాతి రోజులకు రుసుం ఉండకూడదు. మారేవాడికి ఇచ్చినదంతా మానేవాడికీ ఇవ్వాలి, వేరే ఏమీ అడగడం లేదు. మనదేశంలో 1900కు తోడుగా అటువంటిదే ఇంకొకటి. మీలో విదేశాల్లో ఉన్నవారు మీమీ దేశాల్లో ఈ సెలవు ఎలా తీసుకుంటారో వ్యాఖ్యల్లో రాస్తే అందరికీ ఉపయోగం.

మావాడి కథ ఎలా ముగిసిందో చెప్పలేదు కదూ. ఆ అమ్మాయితో మాట్లాడి నోటీసు ఇవ్వకుండానే ఫోను పెట్టేశాడట. మరునాడు ఆఫీసులో ఒకాయన కిటుకు చెప్పాడు. మరొక సంస్థవారి ప్రీపెయిడ్ సిమ్ము ఉచితంగా ఇంటికి తెప్పించుకున్నాడు. సిమ్ము నా దగ్గర ఉంది గనుక సందేశం పంపే వీలు లేక, పాత సంస్థ ఖాతాపుటలోనుంచే స్టాక్ సంకేతం తీసుకున్నాడు. ఆ పుటలో మారడానికి లంకె ఉంది, మానడానికి లేదు! ఆ సంకేతం కొత్త సంస్థకు ఇచ్చాడు. మరుసటి పనిదినాన పాత ఒప్పందం రద్దయిపోయింది, ముప్పైరోజుల రుసుం కూడా పడలేదు. తెనాలిలో ఉన్న నేను, ఎన్నడూ వాడని ఒక కొత్త సంస్థకు మారినట్లు ఆ దేశపు దస్త్రాల్లో నమోదయ్యాను. ఆ కొత్త సిమ్మును మావాడు కవరులోనుంచి బయటికి తీయనే లేదు.