మహారాజును తూకానికి వేయవద్దు

సినిమా వాల్‌పోస్టరు బతుకు ఎన్నాళ్ళో పల్లెల్లో అందరికీ తెలుసు. బొమ్మ మారగానే పాతదానిపైనే కొత్తది అంటిస్తారు. మైదా జిగురు రుచి మరిగిన గేదెలు, మేకలు మిగిలింది పీకేస్తాయి. 1950, 60 దశకాల నాటి విమాన కంపెనీల పోస్టర్లదీ దాదాపు ఇదే గతి. టిక్కెట్ల ఆఫీసు గోడకు కొన్నాళ్ళు వేలాడి, కొత్తవి రాగానే చెత్తలోకి పోయాయి. అలా పోగా మిగిలినవాటిని ఇప్పుడు దేశదేశాల్లో కొందరు వెతికి మరీ కూడబెడుతున్నారు. ఇది డబ్బున్నవాళ్ళ పిచ్చి అని కొట్టిపారేయడం సబబు కాదు.

ఆ పోస్టర్లలో ఎన్నో చిత్రకారులు చేత్తో గీసినవి. అమెరికాలో టి.డబ్ల్యు.ఎ. కంపెనీకి డేవిడ్ క్లైన్ గీసిన న్యూయార్క్ నగరం పోస్టరును అక్కడి ఆధునిక కళా మ్యూజియం 1957లోనే తీసుకుని భద్రపరిచింది. 2001లో ఆ కంపెనీ మరో కంపెనీలో కలిసిపోయింది. బొమ్మ మాత్రం నిలిచింది.

మన దేశంలో ఎయిరిండియా మహారాజు సంగతీ తక్కువేమీ కాదు. 1946లో కంపెనీ అధికారి బాబీ కూకా ఊహకు ఉమేష్ రావు అనే చిత్రకారుడు రూపమిచ్చాడు. తలపాగా, కోరమీసాల ఆ మహారాజు తర్వాత దేశానికో వేషంతో పోస్టర్లకెక్కాడు. 1953లో జాతీయం చేసినది మొదలు 2022 జనవరిలో టాటాలకు తిరిగి అప్పగించేదాకా ఆ సంస్థ ప్రభుత్వానిది. అందువల్ల విమానం ఎక్కని రైతుకూ ఆ చరిత్రలో వాటా ఉంది.

హైదరాబాదుకూ ఇందులో భాగముంది. నిజాం సంస్థానంలో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ 1953లో మరికొన్ని సంస్థలతోపాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ పేరు నేటి యువకుల్లో ఎందరికి తెలుసు?

అయితే సేకరించేవారి తీరులోనూ లోపాలున్నాయి. కొని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. చాలా పోస్టర్లపై గీసినవారి పేరే ఉండదు. ఎప్పటిది, ఎక్కడ దొరికింది, ఎవరు ఇచ్చారు అన్నది రాసిపెట్టకపోతే అది ఊరూపేరూ లేని బొమ్మగా మిగులుతుంది. ఫొటో తీయించి గ్రంథాలయాలకు ఒక ప్రతి ఇవ్వడం వారి ధర్మం. కొత్తగా అచ్చువేసి పాతవని అంటగట్టేవారూ లేకపోలేదు. బ్రిటన్, అమెరికా పోస్టర్లలో ఎక్కువగా కనిపించే కొలత 25 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు. కొలత తగ్గినా, కాగితం మరీ తెల్లగా నిగనిగలాడినా కొనేవారు జాగ్రత్తపడాలి.

విమాన సంస్థల్లో పనిచేసి సొంతూళ్ళకు చేరినవారి పెట్టెల అడుగున ఇటువంటివి ఉండవచ్చు. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు పాత కాగితాలవాడికి తూకానికి వేసేముందు ఒకసారి విప్పి చూడాలి. లామినేషన్ చేయించారంటే పోస్టరు పాడైనట్లే, మళ్ళీ ఊడదీయడం కుదరదు. ఎండకు రంగు వెలుస్తుంది, చెమ్మకు బూజు, చెదలు పడతాయి. మడత పెట్టకుండా, వెలుతురు తగలని పొడిచోట పరచి ఉంచడం మేలు.

శాసనాలకు, నాణేలకు ఇచ్చిన చోటులో కొంత ఇలాంటి కాగితానికీ ఇవ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల మ్యూజియం అధికారులు ఇకనైనా ఈ విషయంపై దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా ఉంది.